వెనక్కి వచ్చిన క్యాన్లు: పలమనేరు వైపు ఒక పాల రూటు అనుభవం

విరిగిన పాల క్యాన్‌ను ఊరికి తిప్పి పంపడం కాగితం మీద చిన్న పని. ఆ క్యాన్ దిగే చోట నిలబడి చూస్తే గానీ అదేమిటో తెలియదు. ఏప్రిల్ నెల, పొద్దున పదకొండు కావస్తోంది. వ్యాన్ డ్రైవర్ నలభై లీటర్ల అల్యూమినియం క్యాన్‌ను పాల కేంద్రం అరుగు మీద దించి, చీటీని ఊళ్లో డెయిరీ తరఫున పాలు పోయించుకునే ఏజెంటు చేతికిచ్చి వెళ్లిపోయాడు. చీటీ మీద మూడే అక్షరాలు: సీఓబీ. కాచి చూస్తే విరిగాయని అర్థం. ఆ క్యాన్‌లో పద్నాలుగు ఇళ్ల పాలు ఉన్నాయి. ఎవరి పాల వల్ల పాడయ్యాయో ఎవరూ చెప్పలేరు, ఎవరి పాలు వాళ్లకు విడదీసి ఇవ్వనూ లేరు. లీటరు 35 రూపాయలనుకుంటే క్యాన్ విలువ 1,400. ఇంటికి సగటున వంద రూపాయలు.

అక్కడున్న ఒక పెద్దామె నన్ను నిలదీయలేదు, అడిగింది అంతే: "నేను పిండి పోసినప్పుడు బాగుండె కదమ్మా. దోవలో ఏమైందో నాకెట్ల తెలుస్తుంది?"

నాకూ తెలియదు. తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ చదివి, ఒక డెయిరీ సేకరణ విభాగంలో అప్పటికి ఏడేళ్లు పనిచేశాను. సూక్ష్మజీవుల గురించి పాఠం చెప్పగలను. కానీ ఆమె పోసిన పాలు మా శీతలీకరణ కేంద్రానికి చేరేలోపు ఏ నిమిషంలో ఎక్కడున్నాయో చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన రెండు వేసవుల పని ఇది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. పలమనేరు నుంచి గంగవరం, బైరెడ్డిపల్లె మండలాల వైపు వెళ్లే రూటు అని మాత్రం అనుకోండి.

లెక్కలో లేని నష్టం

మన దేశంలో పాల నష్టం చాలా తక్కువని చెబుతుంటారు. 2015లో వచ్చిన ఐసీఏఆర్–సిఫెట్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద కోతానంతర సాంకేతికత సంస్థ) జాతీయ అధ్యయనం పాల నష్టాన్ని 0.92 శాతంగా తేల్చింది. అదే అధ్యయనంలో గుడ్ల నష్టం 7 శాతం పైన, సముద్రపు చేపల నష్టం 10 శాతం పైన ఉంది. వాటి పక్కన పాల అంకె ముచ్చటగా కనిపిస్తుంది. కానీ 2014–15లో దేశంలో ఉత్పత్తి అయిన పాలు 14.63 కోట్ల టన్నులు. అందులో 0.92 శాతమంటే 13 లక్షల టన్నులు దాటుతుంది.

ఆ అధ్యయనం కొలిచింది పరిమాణంలో నష్టాన్ని. మన దగ్గర పాలను కాలవలో పారబోసేది చాలా తక్కువ. పులిసినవి వెన్నకో నెయ్యికో పోతాయి, సగం ధరకు ఎవరో తీసుకుంటారు, ఇంట్లో చిలుకుతారు. పాలు ఎక్కడికో చేరాయి కాబట్టి పరిమాణం లెక్కలో అవి పోనట్టే. ఆవును మేపిన మనిషికి మాత్రం ఆ పూట కూలి పోయింది. డెయిరీ పుస్తకాల్లో కూడా తిప్పి పంపిన పాలు కొనని పాలు, కాబట్టి నష్టం కింద రావు. నష్టపోయినవాళ్ల దగ్గర పుస్తకం లేదు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ముందు చెబుతున్నాను.

అందరూ అనుమానించిన ఊరు

ఆ రూటులో పదకొండు పాల కేంద్రాలు. చివరి ఊరు కౌండిన్య అడవి అంచున ఉంటుంది. ఏనుగులు దిగే చోటు. రాత్రి చెరుకు తోటలోనో మామిడి తోపులోనో మంద ఉందని తెలిస్తే, బాగా తెల్లారేదాకా డ్రైవర్ ఆ దోవలో బండి పోనివ్వడు. పోనివ్వమని అడిగే ధైర్యం నాకూ లేదు. అందుకే ఆఫీసులో అందరి అనుమానం ఆ ఊరి మీదే. లేటుగా వస్తుంది, దూరం నుంచి వస్తుంది, ఏవో కలుపుతున్నారేమో కూడా అని మాట.

మార్చి, ఏప్రిల్ నెలల రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. రోజు విడిచి రోజు ఒక క్యాన్ అయినా వెనక్కి పోయింది. అడవి ఊరి క్యాన్లు వాటిలో దాదాపు లేవు. ఎక్కువ భాగం శీతలీకరణ కేంద్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న మూడు ఊళ్లవి. వాటిలో ఒకటి మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పెద్దామెది ఆ ఊరే. రెండుసార్లు రిజిస్టర్ తిరగేశాను, రాసినవాళ్లు ఊళ్ల కోడ్‌లు తారుమారు చేశారేమోనని.

మర్నాటి నుంచి తొమ్మిది రోజులు పాల వ్యాన్‌లోనే తిరిగాను. సుద్దముక్క పట్టుకుని ప్రతి క్యాన్ మూత మీద మూడు సమయాలు రాశాను: క్యాన్‌లో మొదటి పాలు పడింది ఎప్పుడు, వ్యాన్ ఎక్కింది ఎప్పుడు, కేంద్రం ట్యాంకులో పోసింది ఎప్పుడు.

దగ్గరి ఊరి క్యాన్‌లో మొదటి పాలు ఆరు గంటలకు పడేవి. ఆరూ ముప్పై అయిదుకు వ్యాన్ ఎక్కేవి. ఎక్కిన వ్యాన్ నేరుగా కేంద్రానికి రాదు. ఊరి తర్వాత ఊరు నింపుకుంటూ అడవి అంచు దాకా పోయి, ఏనుగుల కబురు కోసం ఆగి, వెనక్కి తిరిగి తొమ్మిదీ యాభైకి కేంద్రం చేరేది. అంటే మూడు కిలోమీటర్లు రావడానికి ఆ పాలకు దాదాపు నాలుగు గంటలు. అడవి ఊరి పాలు ఏడుంబావుకు పోయడం మొదలై, ఎనిమిదింబావుకు వ్యాన్ ఎక్కి, అదే తొమ్మిదీ యాభైకి చేరేవి. రెండున్నర గంటలు. దూరపు ఊరి పాలు చిన్నవి, దగ్గరి ఊరి పాలు ముసలివి.

ఇది ఎవరి కుట్రా కాదు. రూటు మొదలైనప్పుడు ఆ మూడు దగ్గరి ఊళ్లే ఉండేవి. తర్వాత ఒక్కో ఊరు తోకకు అతుక్కుంటూ పోయింది. వ్యాన్ నింపుకునే వరుస మాత్రం మొదటి రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోయింది.

పాలలో గడియారం

పొదుగు నుంచి పాలు వచ్చేటప్పుడు ఆవు ఒంటి వేడి, అంటే దాదాపు 38 డిగ్రీలు ఉంటుంది. శుభ్రంగా పిండిన పాలలో కొన్ని సహజ రక్షణ పదార్థాలు ఉంటాయి. వాటి వల్ల మొదటి రెండు గంటలూ, ఒక్కోసారి ఇంకాస్తసేపూ, సూక్ష్మజీవులు పెద్దగా పెరగవు. తర్వాత మన వేసవి వేడిలో ఇరవై ముప్పై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అరగంటకోసారి అనుకున్నా మూడు గంటల్లో ఒకటి 64 అవుతుంది. అవి పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. తాజా ఆవు పాల ఆమ్లత్వం 0.13, 0.14 శాతం దగ్గర ఉంటుంది. అది 0.2 శాతం దాటితే కాచినప్పుడు విరిగే ప్రమాదం. 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. అప్పటికే పెరిగినవి ఎక్కడికీ పోవు. ఆలస్యంగా వచ్చిన పాలను ఎంత మంచి యంత్రంలో పోసినా అది వెనక్కి తిప్పలేదు.

పలమనేరు ఎత్తు ప్రాంతం. చిత్తూరు, శ్రీకాళహస్తి కంటే చల్లన. "మా ఊర్లో ఎండ ఏముంది మేడమ్" అని ఏజెంట్లు అనేవారు. ఒంటికి చల్లగా అనిపించే 28 డిగ్రీలు కూడా బాక్టీరియాకు హాయి. ఈ ఒక్క మాట నమ్మించడానికే నాకు చాలా రోజులు పట్టింది.

నమ్మించింది నా మాటలు కాదు, మిథిలీన్ బ్లూ గొట్టాలు. పాలలో నీలిరంగు చుక్కలు వేసి 37 డిగ్రీల నీళ్లలో ఉంచితే, సూక్ష్మజీవులు ఎంత ఎక్కువగా ఉంటే అంత త్వరగా నీలం తెల్లబోతుంది. అయిదు గంటలు నిలిస్తే చాలా మంచి పాలు, మూడు నాలుగు గంటలైతే మంచివి, అరగంటకే తెల్లబోతే నాసిరకం అని మన ప్రమాణం. దగ్గరి ఊరి క్యాన్ నుంచి రెండు శాంపిళ్లు తీశాను. ఒకటి ఊళ్లోనే వ్యాన్ ఎక్కకముందు తీసి ఐసు పెట్టెలో పెట్టింది, ఇంకొకటి అదే క్యాన్ కేంద్రం చేరాక తీసింది. రెండోది అరగంట తిరక్కుండానే తెల్లబోయింది. మొదటిది నాలుగు గంటలు దాటినా నీలంగానే ఉంది.

మర్నాడు అదే పరీక్షను ఆ ఊరి కేంద్రం కిటికీలోనే పెట్టాను, చిన్న నీళ్ల పాత్ర, థర్మామీటరుతో సహా. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు సాయంత్రం దాకా వచ్చి వచ్చి చూశారు. పెద్దామె నీలం గొట్టాన్ని చూపించి, "ఇది మేము పోసినవేనా?" అంది. అవునన్నాను. "అయితే మాది తప్పు లేదు" అని అందరికీ వినపడేలా చెప్పింది. అంతకు ముందు వారమే ఆ కేంద్రంలో ఎవరి ఆవు పాల వల్ల క్యాన్ పోయిందని ఇద్దరు తోడికోడళ్లు మాటలు మానుకున్నారు.

కాగితం మీద తేలికైన పరిష్కారం

వరుస తిప్పేస్తే సరిపోతుందనుకున్నాను. వ్యాన్ ఖాళీగా నేరుగా అడవి ఊరికి పోయి, వెనక్కి వస్తూ నింపుకుంటుంది. దగ్గరి ఊళ్ల పాలు చివర్లో ఎక్కి పావుగంటలో కేంద్రం చేరతాయి. అదనపు డీజిల్ లేదు, అదనపు మనిషి లేడు. మేనేజర్‌కు చూపిస్తే వెంటనే ఒప్పుకున్నారు.

నాలుగు రోజుల్లో అది దెబ్బతింది. దగ్గరి ఊళ్లలో ఆడవాళ్లు ఏడు గంటలకు టమోటా కోతకో మల్బరీ ఆకు కోతకో బయలుదేరతారు. వ్యాన్ తొమ్మిదింటికి వస్తుందంటే పాలు ఎవరు పోస్తారు? "తొమ్మిదిదాకా నేనీడ కూసుంటే కూలికి ఎవురు పిలుస్తారు మ్మా?" అని ఒకామె మొహం మీదే అడిగింది. ఆరింటికే పాలు పిండి పోసేసి వెళ్లారు. ఏజెంటు క్యాన్ మూతపెట్టి రేకుల షెడ్డులో ఉంచాడు. మూత మీద నా సుద్ద అంకెలు మళ్లీ మూడున్నర గంటలే చూపించాయి. ఇంతకుముందు వ్యాన్‌లో తిరిగిన పాలు ఇప్పుడు షెడ్డులో కూర్చున్నాయి, అంతే తేడా. వాళ్ల పొద్దుటి పనుల గురించి ఒక్క మాట అడగకుండా వాళ్ల టైం మార్చాలనుకున్నాను. ఏడేళ్లు పనిచేసీ ఆ మాత్రం తోచకపోవడం నన్ను ఇప్పటికీ కష్టపెడుతుంది.

దారి చూపింది దగ్గరి ఊరి ఏజెంటే. రోజూ పొద్దున టమోటా మండీకి పోయే లగేజీ ఆటో ఒకటి ఆ మూడు ఊళ్ల మీదుగా పలమనేరు వైపు వెళ్తుంది. ఏడు గంటలకు కూడలి దాటుతుంది. దాంట్లో నాలుగైదు క్యాన్లకు చోటుంటుంది. ఆటోవాలాతో మాట్లాడాం. ట్రిప్పుకు ఇంతని ఒప్పుకున్నాడు. మొదటి రోజే ఏడూ పదికి మూడు ఊళ్ల పాలు ట్యాంకులో పడ్డాయి. మొదటి పాలు క్యాన్‌లో పడినప్పటి నుంచి లెక్కేస్తే డెబ్బై నిమిషాలు.

ఆటో కిరాయికి డబ్బు మంజూరు చేయించడం ఇంకో కథ. అకౌంట్స్ వాళ్లకు అది కొత్త ఖర్చు. తిప్పి పంపిన క్యాన్ల విలువ వాళ్ల పుస్తకంలో ఎక్కడా లేదు కాబట్టి, మిగిలేది కూడా కనపడదు. చివరికి ఇంకో దారిలో చెప్పాను. క్యాన్ వెనక్కి పోయిన మర్నాడు ఆ ఊళ్లో సేకరణ ఎంత పడిపోతుందో, అలిగినవాళ్లు ఇంకో డెయిరీ వ్యాన్‌కు పోస్తే తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో రిజిస్టర్ నుంచి తీసి చూపించాను. చిత్తూరు జిల్లాలో పాల కోసం ఎన్ని వ్యాన్లు పోటీ పడతాయో వాళ్లకు చెప్పనక్కర్లేదు. సంతకం పడింది.

మిగతా ఎనిమిది ఊళ్లకు వ్యాన్ ఖాళీగా చివరికి పోయి వెనక్కి నింపుకుంటూ వస్తుంది. ఏనుగుల కబురు అడవి ఊరి ఏజెంటు అయిదింటికే డ్రైవర్‌కు ఫోన్ చేసి చెబుతాడు, దోవలో ఆగి అడగాల్సిన పని తప్పింది. క్యాన్ల మీద తడి గోనె సంచులు, పైన టార్పాలిన్ నీడ. ఇవి చిన్నవే, అందరికీ తెలిసినవే. తడి గోనె ఆరకుండా మధ్యలో ఒకసారి నీళ్లు చల్లాలని డ్రైవర్‌కు గుర్తుచేస్తూ ఉండాలి, అది మానేస్తే గోనె ఉండీ లేనట్టే.

రబ్బరు రింగు

గంటలు తగ్గాక కూడా ఒక ఊరి పాలు మాత్రం బాగుపడలేదు. ఆ పాలు కేంద్రానికి వచ్చేసరికి గంటన్నర కూడా కాదు. అయినా నీలం నలభై నిమిషాల్లో పోయేది. ఏజెంటు శుభ్రమైన మనిషి. క్యాన్లు మెరుస్తూ ఉంటాయి. రెండు వారాలు నాకు అంతుపట్టలేదు.

ఒకరోజు మూత తీసినప్పుడు పుల్లటి వాసన తగిలింది. క్యాన్ లోపల చూస్తే శుభ్రం. మూత అంచున ఉండే రబ్బరు రింగును గోటితో పైకి లేపాను. కింద జిగట పొర, తెల్లగా, వేలికి అంటుకుంటోంది. రింగు తీసి కడగాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేమే చెప్పలేదు. మేమిచ్చిన ట్రైనింగ్ కాగితంలో "క్యాన్లు శుభ్రంగా కడగవలెను" అని ఒక్క వాక్యం ఉంది.

క్యాన్ కడగడం గురించి ఆ ఒక్క వాక్యం ఏమీ చెప్పదు. పాలు ఒంపగానే ముందు మామూలు నీళ్లతో తొలచాలి. మొదటే మరిగే నీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు లోహానికి అతుక్కుపోతాయి. తర్వాత డెయిరీ ఇచ్చే సబ్బు పొడి, బ్రష్. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, దాన్ని దగ్గరికి రానివ్వకూడదు. ఆ తర్వాత వేడి నీళ్లు. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆరబెట్టడం. కడిగి, తడిగా ఉండగానే మూత బిగించి రాత్రంతా ఉంచితే లోపల అడుగున మిగిలిన చెంచాడు నీళ్లు పొద్దుటికి సూక్ష్మజీవుల నీళ్లవుతాయి. అందులోనే మర్నాటి పాలు పోస్తారు. బోర్లించి పెట్టాలి, గాలి ఆడాలి, కింద నేల తగలకూడదు. ఊళ్లో వెల్డింగ్ చేసే అబ్బాయితో ఇనుప చువ్వల స్టాండు చేయించాం. ఎన్నో రోజులుగా గోడకు ఆనించి ఉన్న క్యాన్లు అప్పటి నుంచి దాని మీద బోర్లపడుకున్నాయి. గట్టిపడ్డ పాల గారకు వారానికోసారి ఆమ్లపు కడుగు కావాలి, అది కేంద్రంలోనే మా మనుషులు చేస్తారు.

కెన్యా, ఉగాండా లాంటి తూర్పు ఆఫ్రికా దేశాల్లో చిన్న రైతులు పాలను ఇరుకు మూతి ప్లాస్టిక్ డబ్బాల్లో సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద తెస్తారు. చెయ్యి లోపలికి పోదు, గీతల్లో మురికి చేరుతుంది. అక్కడ పాల నష్టాల మీద పనిచేసినవాళ్లు వెడల్పు మూతి లోహపు క్యాన్ల మీద పట్టుబట్టడానికి కారణం అదే. మనకు ఆ క్యాన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటి రింగు కింద మాత్రం మనం చూడలేదు.

అంతకు ముందు వేసవిలో నేను చేసింది

ఇది రాయకపోతే ఈ రిపోర్టు సగమే అవుతుంది. ఈ పనులన్నీ మొదలుపెట్టడానికి ముందటి వేసవిలో నేను పట్టిన దారి వేరు. విరిగిన క్యాన్‌కు ఏజెంటు కమీషన్‌లో కోత పెట్టించాను. నెల తిరిగేసరికి తిరస్కరణలు బాగా తగ్గాయి. మీటింగులో మెచ్చుకున్నారు కూడా.

తర్వాత ఒక రోజు మామూలుగా రోసాలిక్ ఆమ్లం పరీక్ష చేశాను. పాలలో సోడా లాంటి క్షారం కలిపితే ఈ పరీక్షలో గులాబీ రంగు వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి మూడు ఊళ్ల గొట్టాలు గులాబీ రంగుకు తిరిగాయి. పాల పులుపును సోడాతో చంపి పంపుతున్నారు. కాచితే విరగవు. సూక్ష్మజీవులు మాత్రం అన్నీ అలాగే ఉంటాయి. ఆ పాలు ప్యాకెట్లలో పిల్లల గ్లాసుల దాకా పోయి ఉంటాయని తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక ఏజెంటు దాచలేదు. "మీరు కోత పెడితే నేనేం చేసేది మేడమ్. పాలు ఇరిగినాయని చెప్తే పదిమంది నా ఇంటి ముందర నిలబడతారు. వాళ్ల పాలు బాగుండాయి, నా క్యాన్ బాగుంది. ఎక్కడ చెడినాయో నాకు మాత్రం తెలుసునా?" అన్నాడు. పెద్దామె మరుసటి ఏడాది అడగబోయే ప్రశ్నే అది. అప్పుడు నేను వినలేదు. కల్తీని సమర్థించను, ఆ ఊళ్ల పాలు ఆపేయించాను. కానీ ఎవరి చేతిలోనూ లేని ఆలస్యానికి ఒకరి జేబులో కోత పెట్టాం. సోడా పొట్లం ఆ కోత వెంటే వచ్చింది. ఇప్పుడు కోత లేదు. విరిగితే మూత మీది మూడు సమయాలు చూసి, ఏ దశలో పోయిందో ముందు తేలుస్తాం.

కల్తీ మాట వచ్చింది కాబట్టి ఒకటి. చల్లబరిచే సౌకర్యం లేనిచోట పాలు నిలవడానికి లాక్టోపెరాక్సిడేజ్ పద్ధతిని, అంటే పాలలో సహజంగా ఉండే ఒక రక్షణ ఎంజైమును కాస్త పొడి కలిపి చురుకు చేయడాన్ని, అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1991లో మార్గదర్శకాల్లో చేర్చింది. 30 డిగ్రీల దగ్గర పాలు ఏడెనిమిది గంటలు నిలుస్తాయి. ఆ పొడి మనకూ తెప్పించమని ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు అడిగారు. మన దేశంలో పచ్చి పాలలో నిల్వ మందులేవీ కలపడానికి వీల్లేదు. మూడు కిలోమీటర్ల దూరం రావడానికి పాలకు మందు కావాల్సి వస్తే, ముందు ఆ రూటునే సరిచేసుకోవాలి.

కేంద్రం గేటు లోపల

పాలు మా చేతికొచ్చాక కూడా పాడయ్యేవి, ఇది ఒప్పుకోవడానికి మా వాళ్లకు కాస్త టైం పట్టింది. సాయంత్రం పాలు రాత్రంతా చల్లబడి 4 డిగ్రీల దగ్గర ఉంటాయి. పొద్దున వాటి మీదే వెచ్చటి పాలు పోస్తారు. 4 డిగ్రీల పాలు వెయ్యి లీటర్లలో 34 డిగ్రీల పాలు వెయ్యి లీటర్లు ఒకేసారి పడితే మొత్తం 19 డిగ్రీలవుతుంది. కలిసిన పాలు 10 డిగ్రీలు దాటకూడదని నియమం. వ్యాన్ తొమ్మిదీ యాభైకి పదకొండు ఊళ్ల పాలూ ఒక్కసారే తెచ్చి దించినప్పుడు ఆ నియమం నిలిచే అవకాశమే లేదు. ఆటో వల్ల కొన్ని ఏడింటికి, మిగతావి తర్వాత రావడంతో కంప్రెసర్‌కు ఊపిరి పీల్చుకునే టైం దొరికింది. ఇది నేను అనుకోని లాభం.

ఇంకొకటి జనరేటర్. డీజిల్ దొంగతనం భయంతో దాని గదికి తాళం వేసి, తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర ఉంచేవారు. సూపర్‌వైజర్ వచ్చేది తొమ్మిదింటికి. వేసవిలో కరెంటు పోయేదేమో తెల్లవారుజామున. ఆ కొన్ని గంటలు ట్యాంకు దానంతటదే వేడెక్కుతూ ఉండేది, రాత్రి వాచ్‌మన్ పక్కనే కూర్చుని చూస్తూ ఉండేవాడు. తాళంచెవి వాచ్‌మన్‌కు ఇచ్చి, పుస్తకంలో డీజిల్ కొలత, ట్యాంకు ఉష్ణోగ్రత గంటకోసారి రాయమన్నాం. కరెంటు పోయి పదిహేను నిమిషాలు దాటితే ఎవరినీ అడక్కుండా స్టార్ట్ చేయమన్నాం. డీజిల్ దొంగతనం జరగలేదు.

పాలు క్యాన్‌లో పడకముందే చెడేది పొదుగు వాపు వల్ల. దాని గురించి పశువైద్యులు నాకంటే బాగా చెబుతారు. మా పని వరకు: మొదటి నాలుగు ధారలు నల్లగుడ్డ మీద పిండి గడ్డలున్నాయేమో చూడటం, నెలకోసారి నాలుగు గుంటల పళ్లెంలో పొదుగు వాపు పరీక్ష, మందు వేసిన ఆవు పాలు డాక్టర్ చెప్పినన్ని రోజులు క్యాన్‌లో పోయకపోవడం. చివరిది అన్నిటికంటే కష్టం. అన్ని పూటల పాలు వదులుకోమని ఒక్క ఆవు ఉన్న ఇంటికి చెప్పడం నాకు నోరు రాదు, అయినా చెప్పాల్సిందే.

ఎక్కడికొచ్చాం

మరుసటి ఏప్రిల్‌లో ఆ రూటు నుంచి వెనక్కి పోయిన క్యాన్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలిగాం. ఆ ఏడాది ఎండ కాస్త తక్కువే, ఆ తేడా కొంత ఉంటుంది. అందుకే నేను క్యాన్ల లెక్క కంటే నీలం గొట్టాలనే ఎక్కువ నమ్ముతాను. దగ్గరి మూడు ఊళ్ల పాలు ఇప్పుడు కేంద్రం చేరాక కూడా మూడు గంటలకు పైగా నీలంగా నిలుస్తున్నాయి. ఖర్చు ఆటో కిరాయి, రెండు ఇనుప స్టాండ్లు, గోనె సంచులు, సుద్దముక్కలు. కొత్త యంత్రం ఒక్కటీ కొనలేదు. ఆ ఏడాది ఇంకో కూలర్ కొందామన్న ప్రతిపాదన మాత్రం ఫైల్లో ఉండిపోయింది.

సరిచేయలేనిదీ ఉంది. ఆటో నడిచేది టమోటా వల్ల. ధర పడిపోయి రైతులు కాయను చేలోనే వదిలేసిన రోజుల్లో మండీకి లోడు ఉండదు, ఆటో రాదు. పోయినేడు ఒకసారి వరసగా ఎనిమిది రోజులు రాలేదు. దగ్గరి ఊరి ఏజెంటు కొడుకు రెండు క్యాన్లు బైకుకు కట్టుకుని రెండేసి ట్రిప్పులు తిరిగాడు. మిగతా రెండు ఊళ్లకు ఆ దిక్కు లేదు. పాల కోసమే ఒక బండి పెట్టమని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.

ఆ ఎనిమిది రోజుల్లో ఒక పొద్దున నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. పెద్దామె చెంబుతో వచ్చి, పాలు పోయకముందే వంగి క్యాన్ మూత మీద సుద్దతో రాసిన అంకె చూసింది. ఆమెకు చదువు రాదు, గడియారం అంకెలు వచ్చు. తలెత్తి ఏజెంటును అడిగింది: "ఆరుకు పోసినవి ఏడుంబావు దాటె. బైకు ఏదిరా?"